పటాలపు బిళ్ల – నిజానిజములు



నేడు నేను మాటలాడబోవు విషయము చాల చిన్నది, అరచేతిలో ఇమిడిపోవునది. పూర్వకాలపు సైనికులు తమ తోలుపట్టీకి తగిలించుకొనిన లోహపు బిళ్లను గుఱించియు, అది నిజమైనదో నకిలీయో తెలిసికొను మార్గములను గుఱించియు నాలుగు మాటలు మనవి చేసెదను. ఇత్తడి ముక్కను గుఱించి ఇంత ప్రసంగ మెందులకని పెద్దలు నవ్వవచ్చును. కాని కచేరీలలోని బిళ్ల బంట్రోతును మీలో అనేకు లెఱుగుదురు. డవాలీ తీసివైచి వచ్చినచో అతడు మన వీథిలోని ఒక మనుష్యుడు. డవాలీ వైచుకొని వచ్చినచో సర్కారే నడచివచ్చినట్లు. ఆ భేదమంతయు బిళ్లలోనే యున్నది. సిపాయి బిళ్లయు నట్టిదే. దానిని ధరించినవాడు ఏ పటాలమువాడో, ఏ దొరతనమునకు లోబడినవాడో, ఎవరి కొఱకు ప్రాణము లొడ్డెనో అది చెప్పును. చెప్పవలసిన మనుష్యుడు పోయిన తరువాతకూడ అది చెప్పుచునే యుండును. కావున బిళ్లచేత అబద్ధము చెప్పించుట, చచ్చినవానిచేత అబద్ధము చెప్పించుటయే యగును.

ఈ విషయమునకును మన తెలుగుదేశమునకును గల సంబంధము స్వల్పము కాదు. 1756వ సంవత్సరమున క్లైవు చెన్నపట్టణమునుండి ఓడలలో వంగదేశమునకు కొనిపోయిన సిపాయిలు 1757లో ప్లాసీ యుద్ధమున పోరాడిరి. దక్షిణమునుండి వచ్చిన ఆ సిపాయిలనుబట్టి ఉత్తరదేశమువారు సిపాయి యగు ప్రతివానిని 'తిలంగా' యని పిలువసాగిరి. నూఱేండ్లు గడచిన పిమ్మట, 1857లో ఢిల్లీ నగరమున తిరుగబడిన సిపాయిలు హిందుస్థానపు వారే అయినను, నగరవాసులు వారినికూడ తిలంగాలనియే పిలిచిరి. మన పేరు సిపాయికి పేరైనది. కావున మన యిండ్ల అటకలమీదను, పాత భోషాణములలోను అప్పుడప్పు డొక పటాలపు బిళ్ల బయల్పడుట వింత కాదు.

ఈ బిళ్లలు రెండు తీరులు. పూర్వము సిపాయి వక్షముమీదుగా ఏటవాలుగా పోవు తోలుపట్టీ నడుమ, కోలగనో నలుచదరముగనో ఒక బిళ్ల యుండెడిది. 1855లో ఇంగ్లండు సైన్యములో అంగరఖా తీరు మాఱినప్పుడు అధికారులు భుజపు పట్టీ బిళ్లను విడిచిపెట్టిరి. అటుపిమ్మట నడికట్టు బిళ్లకే ప్రాధాన్యము వచ్చినది. నడికట్టు బిళ్లలలో ఒక రకము రెండు ముక్కలుగా నుండును: ఒకటి వలయము, రెండవది ఆ వలయములో పోయి కూర్చుండు గుండ్రని బిళ్ల. మఱియొక రకమున పాము ఆకారముగల కొక్కెము రెండు కొసలను పట్టియుంచును. తీరు తెలిసినవానికి కాలముకూడ సగము తెలిసినట్లే.

ఇక పరీక్షలు చెప్పుటకు ముందు నా పొరపాటు చెప్పెదను. తాను మోసపోయిన సంగతి దాచువాని సలహా వినదగినది కాదు.

చాల సంవత్సరముల క్రిందట ఒక పెద్ద పట్టణమున పాతసామానుల అంగడిలో ఒక బిళ్లను చూచితిని. కోలగా నున్నది. నడుమ సింహము, దాని ముందరి కాళ్లలో కిరీటము. క్రింద 1799 అను అంకెలు. శ్రీరంగపట్టణపు కోటను లగ్గపట్టిన సిపాయి వక్షముమీదిదని అంగడివాడు చెప్పెను. పైన నల్లని మరకలు, సందులలో పచ్చని చిలుము, అక్కడక్కడ గీతలు. వెల కొంచెము కాదు. ఇంటిలో శుభకార్యమునకై దాచిన సొమ్ములో కొంత తీసి దానిని కొంటిని. రెండేండ్లు పట్టుగుడ్డలో చుట్టియుంచి, ఇంటికి వచ్చినవారి కెల్ల చూపితిని.

ఒకనాడు మా యూరి కంచరి, ఎనుబదియేండ్ల ఆచారిగారు, మాటువేసిన చెంబును తెచ్చి యిచ్చుటకు వచ్చిరి. ఆయనకును గర్వముతో బిళ్లను చేతికిచ్చితిని. ఆయన సింహమువైపు చూడనే లేదు. బిళ్లను బోర్లించిరి, అంచుమీద గోరు నడపిరి, తరువాత వెలుతురునకు ఏటవాలుగా పట్టి, "బాబూ, దీనిమీది గీతలు చూచినారా?" అని యడిగిరి.

"చూచితిని. యుద్ధములో పడిన గీతలు కావా?" అంటిని.

"గీత గీచినయెడల దాని గట్టు పదునుగా లేచును. ఈ గట్లు మెత్తగా, గుండ్రముగా నున్నవి. ఇవి గీచిన గీతలు కావు, పోసిన గీతలు. ఎవరో అసలు బిళ్లను ఇసుకలో అదిమి అచ్చు తీసి దీనిని పోసినారు. అసలుదాని గాయములుకూడ దీనికి వచ్చినవి" అనిరి.

నాకు కోపము వచ్చినది, నమ్మలేదు. కాని మఱుసటి నెలలో ఆ పట్టణమునకే పోయి, వేఱొక అంగడిలో అట్టి బిళ్లనే చూచితిని. నా బిళ్లలో సింహపు వెనుకకాలిమీదుగా ఏటవాలుగా పోవు గీత యొకటి కలదు. ఆ గీత ఈ బిళ్లమీదను అదే చోట, అదే పొడవున నున్నది. ఇద్దఱు సిపాయిలకు ఒకేచోట ఒకే గాయము తగులునా? అప్పుడు నాకు తెలివి వచ్చినది. ఆ నకిలీ బిళ్ల యిప్పటికిని నాయొద్దనే యున్నది. నకిలీయని తెలిసి యితరులకు అమ్మినచో నేనును ఆ అంగడివానితో సమాను డగుదును.

ఆచారిగారి పాఠమునకు, తరువాత చదివిన గ్రంథములును చూచిన సంగ్రహములును తోడ్పడినవి. ఆ పరీక్షలను వరుసగా చెప్పెదను.

మొదటిది: ముఖము చూడకముందు వీపు చూడవలెను. నకిలీ చేయువాడు కొనువాని కన్ను పడు చోటనే శ్రమపడును. సింహపు జూలు వెండ్రుక వెండ్రుకగా దిద్దును. వెనుకనున్న కొక్కెములను మఱచిపోవును. నిజమైన బిళ్ల వెనుక కొక్కెములును బొడిపెలును తోలుపట్టీని పట్టియుండుటకు చేసినవి. అవి ఏ విధముగా అతికినవో, టంకము పాతదో క్రొత్తదో, కొక్కెపు లోపలివైపు తోలు ఒరపిడిచే నునుపెక్కినదో లేదో చూడవలెను. అమెరికా దేశమున 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధకాలపు సిపాయిల కోల బిళ్లలలో ప్రసిద్ధమైన రకమునకు ముఖము పలుచని ఇత్తడి రేకును అచ్చుతో కొట్టి చేసినది. వెనుక పల్లములో సీసము నింపి, ఆ సీసములో కొక్కెములను నిలిపిరి. ఆ రకమేయని చెప్పుచు, కొక్కెములతోసహా ఒకే పోతగా పోసిన దిట్టమైన బిళ్లను చూపినచో, ముఖమెంత చక్కగా నున్నను విశ్వసింపరాదు. పైన పటారము, లోన లొటారము అని మనవా రన్నది ఇట్టివానిని గుఱించియే.

రెండవది కొలత. పోసిన లోహము చల్లాఱునప్పుడు ముడుచుకొనునని ప్రతి కంచరియు నెఱుగును. ఇత్తడి నూటికి సుమారు ఒకటిన్నర మొదలు రెండు పాళ్లవఱకు ముడుచుకొనును. అసలు బిళ్ల మూడంగుళముల పొడవున్నచో, దానినుండి అచ్చు తీసి పోసిన నకలు అంగుళములో ఇరువదవ వంతు ఇంచుమించుగా తక్కువ పడును. నకలునుండి మరల నకలు తీసినచో ఇంకను తగ్గును. అక్షరముల మూలలు మొద్దుబాఱును. పల్లములలో సూదిమొనయంత బుగ్గలును, ఇసుక గరుకును కనబడును. అయినను ఒక హెచ్చరిక: పోత యైనంతమాత్రమున నకిలీ యనరాదు. పూర్వపు అసలు బిళ్లలలోను పోతపోసినవి కలవు. అచ్చుకొట్టవలసిన రకము పోతగా నుండుటయే దోషము.

మూడవది అఱుగుదల. మన వీథి అరుగుమీద ఎక్కడ కూర్చుందురో అక్కడనే రాయి నునుపెక్కును, మూలలలో ఎక్కదు. బిళ్లయు నట్టిదే. చేయి తగులు చోట, అంగరఖా ఒరయు చోట, నిత్యము తోము ఉబ్బెత్తు భాగములలో అఱుగుదల యుండవలెను. పల్లములలో పనివాని ఉలిజాడ నిలిచియుండవలెను. ఆకురాతితోనో గరుకు కాగితముతోనో వృద్ధత్వము తెప్పించిన బిళ్లమీద అఱుగుదల అంతటను సమానముగా నుండును. గీతలన్నియు ఒకే దిక్కునకు పోవును. కాలము అట్లు పనిచేయదు.

నాలుగవది చిలుము. పచ్చగా నున్నదంతయు ప్రాచీనము కాదు. ఉప్పును పులుసును పూసి, లేదా ఘాటైన క్షారపు ఆవిరి పట్టించి, కొలది దినములలో ఇత్తడిని పచ్చబఱుపవచ్చును. అట్టి చిలుము పొడిగా, ఒకే రంగుగా నుండి తడిగుడ్డకు అంటుకొని వచ్చును. దీర్ఘకాలమున తనంతట పట్టినది గట్టిగా, పొరలు పొరలుగా నుండి, లోహమును విడువదు. తోలు తగిలియుండిన చోట ఒక రంగు, గాలి తగిలిన చోట ఒక రంగు కనబడును.

ఐదవది లోహము, పూత. పూర్వము బంగారమును పాదరసముతో కలిపి పూసి నిప్పుసెగ చూపెడివారు. విద్యుచ్ఛక్తితో పూతపెట్టు విధానము ఇంగ్లండులో ఎల్కింగ్టనుల 1840 నాటి పేటెంటుతో వ్యాపారములోనికి వచ్చినది. 1790 నాటిదని చెప్పు బిళ్లమీద విద్యుత్పూత యున్నచో, తరువాత ఎవరైన మరల పూత పెట్టించిరేమో యని విచారింపవలెను. కారణము దొరకనిచో సందేహింపవలెను. అల్యూమినియము 1886 తరువాతనే చౌకయైన లోహము. నేటి ప్రయోగశాలలలో వస్తువును గీఱకయే ఎక్సురే కిరణములతో అందలి రాగ మెంతో తుత్తునాగ మెంతో చెప్పు యంత్రములు కలవు. కాని యంత్రము లోహమును మాత్రమే చెప్పును. పాత చెంబును కరగించి క్రొత్త బిళ్ల పోసినవాని గుట్టును అది బయటపెట్టజాలదు.

లోహమునుబట్టి కాలమును చెప్పుటకు జర్మను బిళ్ల మంచి యుదాహరణము. 1847 మొదలు ప్రష్యా సైనికుని నడికట్టు బిళ్లమీద కిరీటమును, 'దేవుడు మాతో నున్నాడు' అను అర్థముగల జర్మను మాటలును ఉండెడివి. ఆ బిళ్ల ఇత్తడిది. నడుమ తెల్లలోహపు చక్రము అతికినది. 1914లో ప్రారంభమైన మహాయుద్ధమున ఇత్తడి గుండ్లకు కావలసివచ్చినది. 1915 మొదలు బిళ్లలను ఉక్కురేకుతో కొట్టి బూడిదరంగు పూసిరి. దేశపు లోహదారిద్ర్యము సిపాయి నడుమున కనబడినది. ఫ్రాన్సులో మన భారతసైనికులు ఎదుర్కొనినది ఆ బిళ్లల నే. 1936లో డేగయు స్వస్తికమును గల బిళ్ల వచ్చినది. మాటలు మాత్రము మాఱలేదు. రెండవ ప్రపంచయుద్ధపు బిళ్లలకు నేడు వెల హెచ్చగుటచే వానికి పుట్టిన నకిళ్లకు లెక్కలేదు.

ఆఱవది వ్రాత. ఇది గ్రంథజ్ఞానమువలన వచ్చు పరీక్ష. నా దృష్టిలో ఇది అన్నిటికంటె బలమైనది. కంచరి చేయి తప్పు చేయకపోవచ్చును. కాని నకిలీ చేయువాడు చరిత్ర చదువడు. చెన్నపట్టణపు కంపెనీ సైన్యమునే తీసికొందము. 1824వ సంవత్సరమునకు ముందు అందలి కాల్బలము ఇరువదియైదు రెజిమెంట్లు. ఒక్కొక్కదానికి రెండేసి పటాలములు. 1824లో పటాలముల నన్నిటిని వేఱుచేసి ఒక్కొక్కదానికి ప్రత్యేక సంఖ్య నిచ్చిరి. అప్పుడు సంఖ్యలు ఏబదివఱకు పోయినవి. కావున ఇరువదియైదునకు మించిన రెజిమెంటు సంఖ్యగల కాల్బలపు బిళ్ల 1824కు ముందుది కాజాలదు. 1858లో కంపెనీ ప్రభుత్వము పోయి రాణి ప్రభుత్వము వచ్చినది. 1885లో పటాలముల పేళ్లనుండి 'నేటివు' అను మాట తీసివైచిరి. 1903లో చెన్నపట్టణపు పటాలముల సంఖ్యలకు అఱువది కలిపిరి: ఒకటవది అఱువదియొకటవదైనది. ఈ నాలుగు సంవత్సరములు తెలిసినవాడు సగము నకిళ్లను అంగడి గుమ్మమునందే పట్టగలడు.

కిరీటమును చూచుటకూడ నేర్చుకొనవలెను. విక్టోరియా రాణి కాలపు కిరీటపు కమానులు నడుమ లోనికి వ్రాలియుండును. 1901లో ఏడవ ఎడ్వర్డు వచ్చిన పిమ్మట కమానులు ఎత్తుగా గుండ్రముగా నయ్యెను. 1952లో రెండవ ఎలిజబెత్తు వచ్చిన తరువాత మరల వ్రాలు కమానులు వచ్చినవి. 2022లో మూడవ చార్లెసు మరల గుండ్రని కమానులనే యెంచుకొనెను. కావున కిరీట మొక్కటియే సాక్ష్యమని పట్టుకొనరాదు. తక్కిన గుఱుతులతో కలిపి చదువవలెను.

సంఖ్యను గుఱించి ఇంత పట్టుదల యేల యని యడుగవచ్చును. సిపాయికి ఆ సంఖ్య యెట్టిదో తెలుపు చరిత్ర యొకటి కలదు. 1806 జూలైలో వేలూరి కోటలో సిపాయిలు తిరుగబడిరి. క్రొత్త తలపాగాయు, నొసటి బొట్టును చెవిపోగులను నిషేధించిన యుత్తరువును వారి మనస్సులను గాయపఱచినవి. తిరుగుబాటు అణగిన పిమ్మట అందు చేరిన పటాలముల సంఖ్యలనే జాబితానుండి కొట్టివైచిరి. మొదటి రెజిమెంటు మొదటి పటాలమునకు బదులు ఇరువదినాలుగవ సంఖ్యతో క్రొత్తది యేర్పడినది. పదునొకం డేండ్ల తరువాత, 1817 నవంబరులో నాగపురమువద్ద సీతాబల్ది గుట్టమీద ఆ పటాలము మిక్కిలి పెద్ద సేన నెదిర్చి నిలిచినది. ఏమి బహుమానము కావలెనన్నప్పుడు వారు తమ పాత సంఖ్య తమకు తిరిగి యిమ్మని కోరిరి. సర్కారు అంగీకరించినది. వేలూరిలో తిరుగబడినవారును, సీతాబల్దిలో నిలిచినవారును, ఉభయులును ఈ దేశపు పల్లెలలో పుట్టినవారే. ఎవరి పక్షము న్యాయమను చర్చ వేఱు. ఒక అంకె కొఱకు మనుష్యులు అంత పరితపించిరన్నచో, ఆ అంకెను అబద్ధముగా పోతపోయుట చిన్న తప్పు కాదు.

వస్తువునకు తోడు కాగితమున్నచో నిజమని కొందఱు తలంతురు. కాగితమునకుకూడ వీపు చూడవలెను. 1960, 1970ల దశకములలో అమెరికాలోను ఇంగ్లండులోను టిఫనీ యను ప్రసిద్ధ స్వర్ణకార సంస్థ పేరుగల పాత నడికట్టు బిళ్లలు అనేకము అమ్ముడుపోయినవి. సైనికులవని కొన్ని, ప్రయాణపు బండ్ల కంపెనీవారివని కొన్ని. సందేహించువారికి చూపుటకు 1950లో ముద్రితమైనదని చెప్పుకొను ఒక గ్రంథముండెను. అందు ఆ బిళ్లల పటములును వివరములును గలవు. జె. డంకన్ క్యాంప్‌బెల్ అను పరిశోధకుడు విచారింపగా బిళ్లలు క్రొత్తవియే, గ్రంథమును క్రొత్తదియే యని తేలినది. బిళ్లలను నిలువబెట్టుటకే గ్రంథమును కల్పించిరి! దొంగసొత్తుతోపాటు దొంగసాక్షినికూడ తయారుచేసిన వారి చాతుర్యమును ఏమందుము? కావున బిళ్లను కాగితముచేతను, కాగితమును బిళ్లచేతను, రెంటిని చరిత్రచేతను పరీక్షింపవలెను.

ఇంతవఱకు నకిలీ బిళ్లను గుఱించి చెప్పితిని. బిళ్ల నిజమైనదయ్యు దాని కథ నిజము కాకపోవుట మఱియొకటి. అది నకిలీకంటె కష్టమైన సమస్య. అట్టి సందర్భము నాకు తటస్థించినది.

కొన్ని సంవత్సరముల క్రిందట గోదావరి ప్రాంతపు గ్రామమొకదానికి ఒక వృద్ధుని ఆహ్వానముమీద పోయితిని. వారి యింటిలో ఒక కోల బిళ్ల కలదు. ఏటేట ఆయుధపూజనాడు దానికి కుంకుమ పెట్టుట యాచారము. "మా ముత్తాతగారి తండ్రి శ్రీరంగపట్టణమున టిప్పుసుల్తానుతో జరిగిన యుద్ధములో దీనిని ధరించినారు" అని ఆయన చెప్పిరి. మనుమలును మునిమనుమలును చుట్టును కూర్చుండి వినుచుండిరి. నేను బిళ్లను బోర్లించి చూచితిని. రెండు కొక్కెముల లోపలివైపు తోలు ఒరపిడిచే అద్దమువలె నున్నవి. సందులలో చిలుము, దానిపై ఏండ్లతరబడి పెట్టిన కుంకుమ పొరలు. అక్షరములు అచ్చుదెబ్బతో లేచినవి, మూలలు చెడలేదు. బిళ్ల ముమ్మాటికి నిజమైనది. కాని నడుమనున్న సంఖ్య ముప్పదియేడు. శ్రీరంగపట్టణము పడినది 1799లో. 1824కు ముందు చెన్నపట్టణపు సైన్యములో ముప్పదియేడవ రెజిమెంటు లేదు.

చెప్పుదునా, మానుదునా యని చాలసేపు సందేహించితిని. అతిథిగా పోయి ఇంటివారి గౌరవమును తగ్గించుట మర్యాద కాదు. అడిగినవానికి తెలిసినది దాచుటయు మర్యాద కాదు. చివరకు మెల్లగా చెప్పితిని. పెద్ద మనుమడు లేచి వెలుపలికి పోయెను. వృద్ధుడు కొంతసేపు ఊరకుండి, "అయితే మా పెద్దలు అబద్ధ మాడినారా?" అని యడిగిరి.

"లేదు తాతగారూ. అబద్ధమాడువారు బిళ్లను రూపాయిలకు అమ్ముదురు. మీవారు కుంకుమ పెట్టి కాపాడినారు. నోటినుండి నోటికి వచ్చునప్పుడు, విననివారికి తెలియని యుద్ధముపేరు పోయి తెలిసిన యుద్ధముపేరు వచ్చి చేరును. ఇంటిలో పాత కాగితము లేమైన నున్నవా?" అంటిని.

ఇనుపపెట్టె తెఱచిరి. దస్తావేజుల అడుగున నాలుగు మడతలుగా చినిగిన పింఛను కాగిత మొకటి దొరకినది. అందలి పేరు ఆయన ముత్తాతగారిది. ఆయన తండ్రిది కాదు. పటాలము ముప్పదియేడవది. బిళ్లయు కాగితమును ఒకే మాట చెప్పినవి.

అప్పుడు నేను ఆ పటాలపు చరిత్ర చెప్పితిని. ముప్పదియేడవ పటాలము ఓడలెక్కి చైనాదేశమునకు పోయినది. 1841 మే 30వ తేదీన కాంటను నగరమునకు ఉత్తరమున, సాన్‌యువాన్‌లీ యను గ్రామముచెంత గొప్ప గాలివాన వచ్చెను. ఆ పటాలములోని సుమారు అఱువదిమంది సిపాయిల దళము వరిచేలలో దారితప్పి మిగిలిన సేననుండి విడిపోయినది. వారివి చెకుముకిరాతి తుపాకులు. మందు తడిసి పేలలేదు. బల్లెములు పట్టిన వేలకొలది గ్రామస్థులు చుట్టుముట్టిరి. సిపాయిలు నలుచదరముగా వీపులు చేర్చి, తుపాకి మొనలనున్న కత్తులతో చీకటిపడువఱకు కాచుకొనిరి. వానకు చెడని క్రొత్తరకపు తుపాకులు గల నావికదళము వచ్చి వారిని విడిపించినది. ఒక సిపాయి మరణించెను, పలువురు గాయపడిరి. ఆ దళములో తమ ముత్తాతగారుండిరని నేను చెప్పజాలననియు, బిళ్ల అంతవఱకు చెప్పదనియుకూడ వారికి స్పష్టముగా చెప్పితిని.

వృద్ధుడు శ్రద్ధగా విని ఒక్క ప్రశ్న వేసిరి. "ఆ చుట్టుముట్టినవారు సైనికులా, రైతులా?"

"ఎక్కువమంది రైతులే. తమ యూరిని కాపాడుకొనుటకు వచ్చినవారు" అంటిని.

"మావంటి వారే" అని ఆయన బిళ్లను చేతిలోనికి తీసికొనిరి. "వరిచేలో పుట్టినవానిని కొనిపోయి మఱియొకరి వరిచేలో నిలిపినది ఇది. శ్రీరంగపట్టణపు కథలో గొప్ప యుండెను. ఇందులో మా ముత్తాత యున్నాడు" అనిరి. వెలుపలికి పోయిన మనుమడు గుమ్మమువద్ద నిలిచి వినుచుండెను. మరుసటి ఆయుధపూజనాడు పిల్లలకు చైనా కథయే చెప్పితిమని అతడే నాకు జాబు వ్రాసెను.

పెద్దలకు నా మనవి. మీ యింటనో మీ యూరనో ఇట్టి బిళ్ల యున్నచో దానిని చింతపండుతోను ఇటుకపొడితోను తోమింపకుడు. మీరు మురికి యనుకొనునది దాని వయస్సునకు సాక్ష్యము. ఒక్క పూటలో నూఱేండ్ల సాక్ష్యము కొట్టుకొనిపోవును. పొడిగుడ్డలో చుట్టి తడిలేని చోట నుంచుడు. అది ఎవరిది, ఎక్కడ దొరకినది, ఎవరు చెప్పగా వింటిమి అను సంగతులను ఒక కాగితముపై వ్రాసి తోడుంచుడు. విన్నది విన్నట్లు, చూచినది చూచినట్లు వేఱువేఱుగా వ్రాయుడు. పాత ఇత్తడి కొందుమని వచ్చువారికి తూకమున వేయకుడు. భూమిలో పాతిపెట్టబడి దొరకిన విలువగల వస్తువును 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపవలెను. నూఱేండ్లు నిండిన చారిత్రక వస్తువును ప్రభుత్వపు అనుమతి లేక విదేశములకు పంపుట 1972 నాటి పురావస్తు చట్టమునుబట్టి నేరము. పోల్చిచూడ గోరువారికి చెన్నపట్టణపు సెయింటు జార్జి కోటలోని వస్తుప్రదర్శనశాల తెఱచియే యున్నది.

క్రొత్తగా కొనదలచినవారికి ఒక్క మాట. అంగడివాడు కథ చెప్పుచున్నప్పుడు చెవులు మూసికొని బిళ్లను బోర్లింపుడు. ఇంటిపెద్దలు కథ చెప్పుచున్నప్పుడు మాత్రము చెవులు తెఱచి వినుడు. విన్న పిమ్మట బోర్లింపుడు. మొదటివాడు మిమ్ము మోసగింపదలచినవాడు కావచ్చును. రెండవవారు తమవారిని మఱవకుండుటకు ప్రయత్నించినవారు. తప్పు రెండుచోట్లను ఉండవచ్చును గాని, దిద్దు తీరు మాత్రము ఒకటి కాదు.